రంగు పేరు ఎత్తకూడదు

1878 ఆగస్టు 3, లుండ్

ఈ పుస్తకం ఎబ్బా వదిన కొనిచ్చింది. "మాట్లాడవు, ఏడవవు. కనీసం రాయి," అంది. నా భార్య హిల్మాకి అక్క. ఏప్రిల్ నుంచి ఈ ఇంట్లోనే ఉంటోంది.

హిల్మా ఏప్రిల్లో పోయింది. విషజ్వరం. నేను కళ్ల డాక్టర్ని. పనికిరాలేదు.

నేలమాళిగలో ప్రయోగాల కప్పలు బాగున్నాయి. నేనూ బాగానే ఉన్నాను.

ఆగస్టు 6

రైల్వే వాళ్ల చూపు పరీక్షలు ఇవాళ మళ్లీ మొదలుపెట్టాను. ఇదివరకు ఆ బల్ల దగ్గర హిల్మా చేసిన పని కూడా ఇప్పుడు నాదే. అందుకని వరుస ఒకసారి రాసుకుంటాను.

బల్ల మీద ఉన్ని చిలపలు, అంటే దారపు చుట్టలు, కుప్ప పోయాలి. అన్ని రంగులవీ, లేతవీ ముదురువీ. అందులోంచి చీటీ కట్టిన లేత ఆకుపచ్చ చిలప ఒకటి తీసి విడిగా పెట్టాలి. "దీనికి చుట్టాలైనవన్నీ ఏరు," అనాలి. చూపు సరిగా ఉన్నవాడు ఆకుపచ్చలే ఏరతాడు. లేనివాడు బూడిదవీ, గోధుమవీ కూడా పట్టుకొచ్చి చుట్టరికం కలుపుతాడు. అలాంటివాడికి ఆగమని వేసే ఎర్రదీపం దూరం నుంచి ఆనదు. వాడికి ఇంజను ఇవ్వకూడదు. ఆ మధ్య ఉత్తరాన రెండు బళ్లు గుద్దుకున్నాక గానీ ఈ సంగతి పెద్దలకి ఎక్కలేదు.

అసలు నియమం ఒకటుంది. పరీక్ష జరిగినంతసేపూ రంగు పేరు ఎవరూ ఎత్తకూడదు. వాడూ, నేనూ. పేర్లు అందరూ చిన్నప్పుడే బట్టీ పట్టేస్తారు. చూపు లేనివాడు కూడా గడ్డి పచ్చగా ఉందనే అంటాడు. అందుకని నోరు మూసుకుని చేతిని మాట్లాడనివ్వాలి.

హిల్మా చేసిందల్లా బల్లకి అటువైపు నిలబడి, ఏరిన చిలపల్ని తిరిగి కుప్పలో వేయడం. మధ్యమధ్య చిన్నగా దగ్గేది. ఆ దగ్గుకి నేను రాత ఆపి తలెత్తేవాణ్ణి. సరిగ్గా అప్పుడే ఎదుటివాడి చేతిలో తప్పు చిలప ఉండేది. చాలాసార్లు అలా కుదిరింది.

ఇవాళ పోల్ రోస్‌లుండ్ అనేవాణ్ణి చూశాను. ఇంజనులో బొగ్గు వేస్తాడు, డ్రైవరుగా పైకి పంపాలట. ఇంత చక్కటి చూపు నేను ఎరగను. తడుముకోకుండా, నేనైతే ఏవి ఏరతానో సరిగ్గా అవే ఏరాడు. లైనంతటిలో నీ అంత చూపున్నవాడు లేడని మొహం మీదే చెప్పాను.

తరువాత ట్రూల్స్ మోర్టెన్సన్. చాలాకాలంగా ఇంజను నడుపుతున్నాడు. తలుపుకి అడ్డంగా సరిపోయే మనిషి. ఇతను మాత్రం కొన్ని ఏరి ఆగిపోయాడు.

"ఇంకా ఉన్నాయి," అన్నాను.

"ఇవి కూడానా అండీ? ఇది అసలు..."

"పేరు ఎత్తకు."

"ఎత్తకుండా ఎలా చెప్పేది?"

"చెప్పొద్దు. ఏరు."

"ఏరానుగా."

"ఇంకా ఉన్నాయంటున్నాను."

కుప్ప వంక చూశాడు. నా వంక చూశాడు. "నాకేమీ కనబడట్లేదండీ."

"నేనూ అదే రాస్తున్నాను," అన్నాను.

తప్పాడు. పాపం.

ఆగస్టు 7

రెండు కప్పలు మెట్లెక్కి వంటింట్లోకి వెళ్లాయి. వదిన చూసింది.

ఆగస్టు 11, ఆదివారం

చర్చిలో అందరూ నన్నే చూశారు. భార్య పోయినవాణ్ణి కదా, చూస్తారు. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో రెండుసార్లు మాట తడబడ్డారు. పెద్దవారైపోతున్నారు.

బయటికొచ్చాక వదిన నా చెయ్యి పట్టుకుని చెట్టు చాటుకి లాక్కెళ్లింది.

"ఆ మెడపట్టీ ఏంటి?"

"నల్లది. మాల్మోలో కొన్నాను."

"నల్లదా?"

"సంతాపానికని అడిగే తీసుకున్నాను."

"టూరె, అది చెర్రీపండు రంగు. పెళ్లికొడుకులా ఉన్నావు."

కొట్లో వెలుతురు తక్కువ. కొట్టువాడికీ కళ్లు చూపించుకోమని చెప్పాలి.

హిల్మా ఉండగా బట్టలు కుర్చీ మీద పెట్టి ఉండేవి. నేను తొడుక్కునేవాణ్ణి. ఇప్పుడా కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోవడానికి వాడుతున్నాం.

ఆగస్టు 17

లైను అధికారి సిల్వన్ గారింట్లో ఏటిరొయ్యల విందు. నా పళ్లెంలో పెట్టినవి ఉడకలేదని పనిమనిషికి తిరిగిచ్చేశాను. డాక్టరుగా అది నా ధర్మం. అప్పటికే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు అవే రొయ్యల్ని పీల్చి పిప్పి చేస్తున్నారు.

"డాక్టరు గారి ముందు ఇంకో రెండు దీపాలు పెట్టండర్రా," అన్నారు సిల్వన్ గారు.

"దీపాలు కాదు, రెండు గ్లాసులు తీసేయండి," అంది ఆయన భార్య.

నేను తాగింది ఒక్కటే. రొయ్యలు నల్లగా ఉన్నాయి. ఉడికితే ఎర్రబడతాయని పాఠాల్లోనే ఉంది. హిల్మా ఎప్పుడూ నాకు వొలిచి పెట్టేది. నేను రొయ్యని పైపొట్టుతో సరిగా చూడటం ఇదే మొదటిసారి.

విందుకొచ్చిన వదిన ఇంటిదాకా నా వంకే చూస్తూ నడిచింది. ఆమెకది అలవాటు లేదు.

ఆగస్టు 20

పొద్దున్నే ఒకామె వచ్చింది. తడి గోనెసంచి గుమ్మంలో దించింది. సంచి కదులుతోంది. ట్రూల్స్ భార్య, ఎల్నా.

"మా ఆయన్ని బొగ్గుల యార్డులో పడేశారండీ. ఇంజను నడిపిన చేతికి పార ఇచ్చారు. జీతం సగం. అది సరే. ఇంట్లో కూర్చుని నా వంక చూస్తున్నాడు, 'ఎల్నా, నీ రంగు నాకు సరిగానే కనబడుతోందా' అని. ఇదెక్కడి గోలండీ?"

"పరీక్షలో తప్పాడమ్మా."

"ఆ కళ్లకేం కాలేదు. నా పావడా అంచుకి దారం ఓ పిసరు తేడా వస్తే తనే పట్టుకున్నాడు. కుట్టినదాన్ని నాకే తెలీలేదు."

"కుట్టు నాకు తెలీదు. నియమం ప్రకారం..."

"ఆ నియమం మీరు ఎవరి మీద చూశారండీ మొదట?"

ప్రశ్న అర్థం కాలేదు.

వెళుతూ సంచి చూపించింది. "పాముచేపలు. లంచం కాదు. లంచమైతే పొగబెట్టినవి తెద్దును. ఇవి పచ్చివి." గుమ్మం దిగి వెనక్కి తిరిగింది. "ఉడికాయో లేదో మీకు బాగా తెలుసటగా."

సిల్వన్ గారింట్లో పనిమనుషులకి నోరు ఆగదు.

"ఆ మనిషిని ఇంకోసారి చూడకూడదూ?" అంది వదిన తలుపు వెనకనుంచి.

"పరీక్ష ఒక్కసారే."

"ఎవరు పెట్టారు ఆ నియమం?"

నేనే.

ఆగస్టు 21

పాముచేప బాగుంది.

సెప్టెంబరు 4

చాలా రోజులకి అసలు పని చేశాను. కప్ప కంటికి రెండు తీగలు కలిపి, దాని మీద వెలుగు పడనిస్తే, తీగల చివర ఉన్న సూది కదులుతుంది. అంటే చూపు అనేది కంట్లో విద్యుత్తు పుట్టిస్తుంది. కప్ప ఏం చూసిందో కప్పని అడగక్కర్లేదు. అబద్ధం చెప్పదు, బట్టీ పట్టదు. అందుకే నాకు రోగులకన్నా కప్పలు ఇష్టం.

దీపం ముందు గాజుపలకలు మార్చి చూశాను. నీలం, ఆకుపచ్చ, ఎరుపు. ఎర్రగాజు నాసిరకం. దాదాపు వెలుగే రానివ్వడం లేదు. అయినా సూది మిగతా గాజులకి కదిలినంతా కదిలింది. ఇంత మసక వెలుగుకి అంత స్పందన. ఈ కప్ప మామూలుది కాదు. దీనిమీద వ్యాసం రాయాలి.

వదిన మెట్ల మీదనుంచి తొంగిచూసి, "ఏంటా మంట? గోడంతా రక్తం పులిమినట్టుంది," అంది. వదిన ప్రతిదీ కాస్త పెంచి చెబుతుంది.

సూది కదలగానే "కదిలింది" అని పైకి అరిచాను. అలవాటు. ఇదివరకు పైనుంచి "ఎంత?" అని వినబడేది.

ఎంతో రాసుకున్నాను.

సెప్టెంబరు 8, ఆదివారం

వదినతో లింగన్ పళ్లకి అడవికి వెళ్లాను. నేలబారు పొదల్లో కాసే చిన్న ఎర్ర పళ్లు. వదిన బుట్ట నిండింది. నా బుట్టలో ఆకులూ, రెండు పచ్చికాయలూ. పళ్లు ఏరే ఓపిక నాకు లేదు. అయినా హిల్మాతో వెళ్లినప్పుడు నా బుట్ట కూడా నిండేది. ఆ వైపు పళ్లు ఎక్కువ కాస్తాయేమో.

"నీ మోకాలి దగ్గర చూడు," అంది వదిన.

"ఆకులు."

"కాస్త ముందుకి."

"ఆకులే, వదినా."

వదిన వంగి నా మోకాలి ముందునుంచి పిడికెడు పళ్లు కోసింది. నా బుట్టలో వేసింది. నా మొహం వంక చాలాసేపు చూసింది. నా మొహంలో పళ్లేమీ లేవు.

తిరిగి వచ్చే దారిలో, "ఆ ట్రూల్స్‌కి మళ్లీ పరీక్ష పెట్టు. హిల్మా నిలబడే చోట నేను నిలబడతాను," అంది.

"అక్కర్లేదు."

"టూరె, ఇంతవరకు నిన్ను ఏమైనా అడిగానా?"

అడిగింది. కప్పల్ని తీసేయమని, గడ్డం కత్తిరించుకోమని, తినమని. కానీ ఇలా అడగలేదు. సరేనన్నాను.

సెప్టెంబరు 12

ఇవాళ్టిది వరుసగా రాయాలి.

ట్రూల్స్ పొద్దున వచ్చాడు. గోళ్లలో బొగ్గు. చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగాడు, ఉన్ని మాసిపోతుందని. వదిన బల్లకి అటువైపు నిలబడింది. నేను లేత ఆకుపచ్చ చిలప విడిగా పెట్టాను.

ట్రూల్స్ నింపాదిగా ఏరాడు. ఆగాడు.

"ఇంతే అండీ."

"ఇంకా ఉన్నాయి."

"లేవు," అంది వదిన.

"వదినా, పరీక్షలో మాట్లాడకూడదు."

"మాట్లాడట్లేదు. లేవంటున్నాను."

నేనే కుప్పలోంచి నాలుగు తీసి ఆ చిలప పక్కన పెట్టాను. అన్నీ దానికి స్వయానా తోబుట్టువుల్లా ఉన్నాయి. "ఇవేంటి మరి?"

ట్రూల్స్ వదినని చూశాడు. వదిన ట్రూల్స్‌ని చూసింది. వాళ్లిద్దరూ అంతకుముందు ఎప్పుడూ కలుసుకోలేదు. అయినా ఇంట్లో ముసలాయన ఏదో వాగితే కొడుకూ కోడలూ చూసుకున్నట్టు చూసుకున్నారు.

"పేరు ఎత్తొచ్చా అండీ?" అన్నాడు ట్రూల్స్.

"వద్దు."

"నేను రైల్వేలో పనిచేయను. నేనెత్తుతాను," అంది వదిన. ఒక్కొక్క చిలపా నా ముందుకి తోసింది. "ఇది బూడిద. ఇది గోధుమ. ఇది ఎండుగడ్డి. ఇది తుప్పు."

ట్రూల్స్ కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తరువాత టోపీ తీసుకున్నాడు. "యార్డులో పనుందండీ," అని వెళ్లిపోయాడు. అంత పెద్ద మనిషి తలుపు ఎంత మెల్లగా వేశాడో.

"వదినా, ఏమిటిది?"

"హిల్మాకి ఎప్పుడో తెలుసు."

"ఏం తెలుసు?"

"నిశ్చితార్థం నాడు దాని గౌను చూసి ఏమన్నావో గుర్తుందా? 'ఈ నీలం నీకు చాలా బాగుంది' అన్నావు."

గుర్తుంది. నేను జీవితంలో ఇచ్చిన మెప్పులు తక్కువ. అన్నీ గుర్తున్నాయి.

"అది గులాబీ గౌను, టూరె. నవ్వాపుకుంటూ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి నాతో చెప్పింది. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది."

"ఎందుకు?"

"'కళ్ల డాక్టరు అవుతానంటున్నాడక్కా. ఇప్పుడు చెబితే మానేస్తాడు' అంది."

"తరువాతైనా?"

"తరువాత మీరు సుఖంగా ఉన్నారు. సుఖంగా ఉన్న ఇంట్లో ఇదెవరు చెబుతారు?"

"రైల్వే పని ఒప్పుకున్నప్పుడు?"

వదిన చిలపల్ని సర్దసాగింది. "అప్పుడు తిట్టాను. చెప్పవే, మనుషుల ప్రాణాలు అన్నాను. 'నేను పక్కనే ఉంటాగా' అంది."

నేను ఆ నాలుగు చిలపలూ ఆమెకి అందించాను.

"ఆ మెడపట్టీ నాడే నీకు చెప్పాల్సింది," అంది. "ఒట్టు గొంతుకి అడ్డం పడింది. పైగా ఇంత ఉందని నాకూ తెలీదు. మొన్న అడవిలో తెలిసింది."

వదిన మాట మీద నమ్మకం లేక కాదు. నేలమాళిగలోకి వెళ్లాను. దీపం వెలిగించి ఎర్రగాజు పెట్టాను. మసక. సూది చూశాను. పూర్తిగా కదిలింది. దీపం సరిగానే ఉంది. గాజు సరిగానే ఉంది. కప్ప సరిగానే ఉంది. ఇక ఆ గదిలో మిగిలింది నేనొక్కణ్ణే.

వ్యాసం రాయనక్కర్లేదు.

అక్కడే కూర్చుని, ఆ దగ్గుల గురించి ఆలోచించాను. తరువాత బట్టల కుర్చీ, వొలిచిన రొయ్యలు, నిండిన బుట్ట. ఎంతసేపో తెలీదు. అప్పుడు పోల్ గుర్తొచ్చాడు. నేనైతే ఏవి ఏరతానో సరిగ్గా అవే ఏరిన పోల్. సాయంత్రం బండి ఇప్పుడు వాడిదే.

ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే స్టేషనుకి పరిగెత్తాను. బండి పొగ వదులుతోంది. పట్టాల మీదికి దిగి ఇంజను ముందు నిలబడ్డాను. ఎవరో "డాక్టరు గారికి దుఃఖం తలకెక్కింది" అనడం వినబడింది.

"తప్పుకోండి డాక్టరు గారూ, వేళయింది," అన్నాడు పోల్ పైనుంచి, నవ్వుతూ.

"దిగు. ఎర్రదీపం నీకు ఆనుతుందా?"

"అదేంటండీ. లైనంతటిలో నా అంత చూపు లేదని మీరేగా అన్నారు."

"అన్నాను. ఆనుతుందా?"

దిగి వచ్చాడు. తల గోక్కున్నాడు. "నిజం చెప్పమంటారా? చిన్నప్పటినుంచీ అది నాకు మసకేనండీ. మీరు పాస్ చేశాక, అందరికీ అంతే కాబోలు అనుకున్నాను. మీకన్నా నాకెక్కువ తెలుసా?"

"మరి ఇన్నాళ్లూ బండి ఎలా ఆపావు?"

"బొగ్గేసేవాడు అరుస్తాడండీ, దీపం పడగానే. నేను ఆపుతాను. మొన్నోసారి వాడికి తుమ్మొచ్చింది. కొంచెం ముందుకెళ్లి ఆగాం."

ప్లాట్‌ఫాం ఎక్కి, కూలీలు తోసే సామాన్ల బండి మీద కూలబడ్డాను. "నాకూ అంతే, పోల్. నాకూ ఆనదు."

వాడి మొహం విప్పారింది. ఊరుకాని ఊళ్లో సొంత ఊరివాడు తగిలినట్టు పక్కన వచ్చి కూర్చున్నాడు.

"మీక్కూడానా? మరి మీకెవరరుస్తారండీ?"



సిల్వన్ గారు వచ్చారు. అరిచారు. బండి ఆపినది డాక్టరని చూసి, అరుపు తగ్గించారు. పోల్ తప్పాడని, ట్రూల్స్ నెగ్గాడని అక్కడే పెన్సిలుతో రాసిచ్చాను. యార్డు నుంచి ట్రూల్స్‌ని పిలిచారు. బొగ్గు మసితోనే ఇంజనెక్కాడు. నావైపు ఒకసారి తలూపాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి నా చెప్పులు చూశారు.

సెప్టెంబరు 14

సిల్వన్ గారు ఇంటికొచ్చారు. తలుపు వేయమన్నారు.

"ఇంత రభస దేనికండీ? తప్పు దిద్దారు, అయిపోయింది. ఇకమీద మీ వదినగారిని బల్ల దగ్గర నిలబెట్టుకోండి. ఇదివరకు అమ్మగారు నిలబడలేదూ?"

"మీకెలా తెలుసు?"

"తెలీదు. ఇప్పుడు తెలిసింది," అన్నారు. "మీరు రాసి పెడితే, ఈ లైనంతా ఎవరు పరీక్ష చేశారని పేపర్లలో వేస్తారు. మీ పేరూ పోతుంది, నా పేరూ పోతుంది. వదినగారు ఓ చిన్న సైగ చేస్తే చాలు."

ఆలోచిస్తానన్నాను.

ఆయన చెప్పింది తేలిక. నాకు అలవాటైన పద్ధతి కూడా. పెళ్లినాటినుంచి అలాగే బతికాను, బాగానే బతికాను. కళాశాలలో పాఠం చెప్పుకోవచ్చు. కప్పలుంటాయి. పరువుంటుంది.

వదినని అడిగాను. "నిలబడతావా?"

"నిలబడతాను," అంది. "కానీ నాకు చలికాలం కీళ్లు పట్టేస్తాయి. క్రిస్మస్‌కి మా ఆడపడుచు దగ్గరికి వెళ్తాను. జలుబు చేస్తే మంచం దిగను. ఆ రోజుల్లో బళ్లు ఆపుకోమని వాళ్లకి చెప్పు."

సెప్టెంబరు 15

రాసేశాను. రైల్వేకి ఒకటి, వైద్య సంఘానికి ఒకటి. ఏప్రిల్ తరువాత నేను చేసిన పరీక్షలన్నీ రద్దు చేయాలి. మళ్లీ వేరేవాళ్లు చేయాలి. చేసేవాణ్ణి ముందు కూర్చోబెట్టి చిలపలు ఏరించాలి. ఈ ఒక్క ముక్క ఇంతవరకు ఎవరి నియమాల్లోనూ లేదు. ఎల్నా అడిగిన ప్రశ్న ఇవాళ అర్థమైంది.

వదిన చదివింది. "హిల్మా దగ్గు రాయలేదు," అంది.

"అది రైల్వేకి అక్కర్లేదు."

సెప్టెంబరు 17

గులాబీ గౌను.

సెప్టెంబరు 24

ఊరు బాగా నవ్వుకుంటోంది. కూరగాయల దుకాణంలో ఆపిల్ చూపించి "పండిందా డాక్టరు గారూ?" అని అడుగుతున్నారు. వాసన చూసి చెబుతున్నాను. ఇంతవరకు తప్పలేదు. పాస్టరు గారు దారిలో ఆపి, ఆ మెడపట్టీ నిజంగా బాగుందని, సంతాపం అయ్యాక వేసుకోమని అన్నారు.

వైద్య సంఘం వాళ్లు నన్ను పిలిచారు. ఉపన్యాసానికి కాదు, చూపించడానికి. బల్ల దగ్గర కూర్చుని అందరి ముందూ చిలపలు ఏరాలి. వస్తానన్నాను. ఇన్నాళ్లూ కప్పల్ని బల్ల మీద పెట్టాను. న్యాయమే.

కొత్త డాక్టరు ఎవరో వచ్చి లైనంతా మళ్లీ చూస్తున్నాడు. ముందు ఆయన చేత ఏరించారట.

పోల్‌ని గిడ్డంగిలో వేశారు. జీతం తగ్గలేదు. రోజూ వీధి అవతలినుంచి, "ఎలా ఉందండీ మన చూపు?" అని కేకేస్తాడు. మొదట్లో తల దించుకునేవాణ్ణి. నిన్న "అలాగే ఉంది" అని కేకేశాను. పక్కన నడుస్తున్న వదిన గొడుగు చాటున నవ్వింది.

ఎల్నా ఇవాళ పొగబెట్టిన పాముచేపలు తెచ్చింది. "ఇప్పుడు లంచానికి పనేముంది కనుక," అంది. మొగుడు ఇంట్లో ఈల వేస్తున్నాడట, అది భరించడం కష్టంగా ఉందట.

సెప్టెంబరు 30

కళాశాలలో పాఠం. విద్యార్థులకి నా సంగతీ, హిల్మా సంగతీ నేనే చెప్పాను. వెనక వరుసలో నవ్వారు. ఆ తరువాత ఒకడు, "మరి మీకేది కనబడదో మీ భార్య ఇన్నేళ్లూ ఎలా కొలిచారండీ?" అని అడిగాడు.

తెలీదన్నాను. గంట ముందే పాఠం ఆపేశాను.

ఇంటికొచ్చి ఏడ్చాను. వదిన పక్కగదిలోనే ఉంది. రాలేదు. కాసేపయ్యాక గిన్నెలతో చప్పుడు చేయడం మొదలుపెట్టింది, అవసరమైనదానికన్నా ఎక్కువ.

అక్టోబరు 9

ట్రూల్స్ కబురు పంపాడు. ఓసారి ఇంజనెక్కమన్నాడు. "జీవితమంతా దీపాల గురించి రాశారు, ఓసారి వాటి ముందుకి వెళ్లి చూడండి," అన్నాడట. వెళ్లాను.

ఇంజను మీద నిలబడితే మాట వినబడదు. ట్రూల్స్ ఒక చెయ్యి మీట మీద పెట్టి, రెండో చేత్తో నన్ను నడుముకి పట్టుకున్నాడు, పడిపోతానని. పొద్దు వాలుతోంది. బీట్ దుంపల పొలాలు దాటాం. వంతెన దాటాం. ఎదర ఒక చిన్న స్టేషను వస్తుందన్నాడు.

ఉన్నట్టుండి మీట లాగాడు. చక్రాలు కీచుమన్నాయి. బండి నెమ్మదించసాగింది.

"ఏమైంది?"

"దీపం పడిందండీ."

చూశాను. పట్టాలు, స్తంభం, వెనక ఆకాశం. "ఎక్కడ?"

"అదుగో. స్తంభం మీద."

స్తంభం కనబడుతోంది. దాని మీద ఏమీ లేదు. కళ్లు చికిలించాను. కళ్లజోడు తీశాను, పెట్టుకున్నాను. వృత్తిలో నాకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాను.

"లేదు, ట్రూల్స్. నాకేమీ కనబడట్లేదు."

"పర్లేదండీ," అన్నాడు. "వెలుగుతూనే ఉంది."

బండి మెల్లగా, మెల్లగా వెళ్లి ఆగింది. అడ్డంగా ఉన్న పట్టాల మీదుగా ఒక గూడ్సు బండి పొడవుగా వెళ్లింది. దాని చివరి పెట్టె మీద ఒకతను కూర్చుని రొట్టె తింటున్నాడు. మాకు చెయ్యి ఊపాడు. ట్రూల్స్ ఊపాడు. నేనూ ఊపాను.

పరిశీలన: సాయంత్రం, ఆకాశం నిర్మలం, గాలి లేదు. స్తంభం మీద ఎర్రదీపం వెలిగింది. నేను చూడలేదు. ట్రూల్స్ మోర్టెన్సన్ చూశాడు. నిజమని రాసుకుంటున్నాను.